'రన్' ఇచ్చి చూస్తే తేలిన పనితనం: ఇంగ్లిష్ డిక్షనరీల సమీక్ష

డిక్షనరీ సత్తా చూడాలంటే నోరు తిరగని మాటలు ఇచ్చి లాభం లేదు. వాటికి సాధారణంగా ఒకటో రెండో అర్థాలుంటాయి, ఏ డిక్షనరీ అయినా ఒప్పజెబుతుంది. 'రన్' ఇవ్వాలి. ఒకటో తరగతిలోనే వచ్చేసే మాట. క్రికెట్ పుణ్యమా అని తెలుగు మాటే అయిపోయింది కూడా. రన్ తీశాడు, బొమ్మ వంద రోజులు రన్ అయింది, ప్రోగ్రాం రన్ చెయ్యి, ట్రయల్ రన్ వేశారు అని ఇంగ్లిష్ రానివాళ్ళూ అంటారు. అంత తెలిసిన మాటే కదా అనుకుంటే, డాలస్ ఆఫీసులో పక్క సీటాయన 'ఐ హ్యావ్ గాట్ ద రన్స్' అని చెప్పి సెలవు పెట్టినప్పుడు మనవాడు స్కోరెంతని అడిగే ప్రమాదం ఉంది. ఆయనకు పట్టుకున్నవి విరేచనాలు.

అందుకే ఈ ఒక్క మాటనూ పట్టుకుని ఆన్‌లైన్‌లో దొరికే డిక్షనరీలను పరీక్షకు పెట్టాం. కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్, మెరియమ్-వెబ్‌స్టర్, ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ, గ్రీన్స్ డిక్షనరీ ఆఫ్ స్లాంగ్, అర్బన్ డిక్షనరీ. చివర్లో తెలుగువైపు ఆంధ్రభారతి. చూసినవి మూడే: కావలసిన అర్థం ఎంత త్వరగా చేతికొస్తుంది, ఆ మాట ఎవరి ముందు వాడొచ్చో చెబుతుందా, కొత్త యాస (స్లాంగ్) దొరుకుతుందా.

ముందు ఆ 645 సంగతి

'రన్'కు ఎన్ని అర్థాలున్నాయంటే అందరూ చెప్పే అంకె ఇది. ఆక్స్‌ఫర్డ్ పెద్ద డిక్షనరీ 1989 నాటి రెండో కూర్పులో ఎక్కువ అర్థాలున్న మాట 'సెట్'. దాని క్రియారూపానికి 430 అర్థాలని లెక్క. తరవాత సవరణ పని 'ఆర్' అక్షరానికి వచ్చింది. పీటర్ గిలివర్ అనే సంపాదకుడు తొమ్మిది నెలలు కూర్చుని 'రన్' తేల్చాడు. 2011లో బయటికొచ్చిన లెక్క, ఒక్క క్రియకే 645.

అంకె ఘనంగానే ఉంది. దాన్ని చూసి డిక్షనరీ ఎంచుకుంటే మాత్రం పొరపాటే. అర్థాలు చెట్టుకు కాయల్లా ముందే లెక్కకు సిద్ధంగా ఉండవు, విడగొట్టేది సంపాదకుడు. ముక్కు కారడం, కుళాయి పారడం, ఉతుకులో రంగు దిగడం ఈ మూడింటికీ ఇంగ్లిష్‌లో 'రన్' అనే అంటారు. ఇది ఒక్క అర్థమా, మూడా? కలిపేసేవాళ్ళు 'ద్రవం కదలడం' అని ఒక్క పద్దు రాసి ఊరుకుంటారు, చీల్చేవాళ్ళు మూడు పద్దులు రాస్తారు. చరిత్ర మొత్తం నమోదు చేయాలన్నది ఆక్స్‌ఫర్డ్ లక్ష్యం కాబట్టి చీలుస్తుంది. నేర్చుకునేవాళ్ళ కోసం రాసిన లాంగ్‌మన్ కలుపుతుంది. రెండూ సరైనవే, అవసరాలు వేరు.

అన్నట్టు, కారడం పారడం అనే అర్థాలు తరవాత అంటగట్టినవేమీ కావు. 'రన్'కు జ్ఞాతి అయిన జర్మన్ మాట 'రిన్నెన్'కు ఇప్పటికీ అర్థం కారడం, ప్రవహించడమే.

వరుస ఎలా ఉందో చూసుకోవాలి

డిక్షనరీతో వచ్చే చిక్కుల్లో సగం ఇక్కడ పుడతాయి. చాలామంది మొదటి అర్థం చూసి మూసేస్తారు. ఆ మొదటి అర్థం ఎందుకు మొదట ఉందో పట్టించుకోరు.

కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ ఎక్కువగా వాడే అర్థాన్ని ముందు పెట్టే ధోరణిలో నడుస్తాయి. ఆక్స్‌ఫర్డ్, మెరియమ్-వెబ్‌స్టర్ చరిత్ర వరుస పాటిస్తాయి, పాతది ముందు. 'రన్' విషయంలో ఈ తేడా పెద్దగా దెబ్బ కొట్టదు, పరుగెత్తడమనే అర్థం పాతదీ, ఎక్కువ వాడేదీ కూడా. అదే 'నైస్' అని కొట్టి చూడండి. ఆక్స్‌ఫర్డ్‌లో ముందు కనబడేది 'తెలివితక్కువ' అనే అర్థం. లాటిన్‌లో 'తెలియనివాడు' అనే మాట నుంచి వచ్చింది కనక అది న్యాయమే. కానీ దాన్ని చూసి ఈమెయిల్ రాస్తే గోవిందా. అలా వాడుక పోయిన అర్థాల పక్కన ఆక్స్‌ఫర్డ్ చిన్న బాకు గుర్తు పెడుతుంది. ఆ గుర్తు కనబడితే దాటెయ్యండి.

లాంగ్‌మన్‌లో మరో సౌకర్యం, మాట పక్కన ఎస్1, డబ్ల్యూ1 అనే గుర్తులు. ఎస్1 అంటే మాట్లాడే ఇంగ్లిష్‌లో ఎక్కువగా వాడే మొదటి వెయ్యి మాటల్లో ఒకటని, డబ్ల్యూ1 అంటే రాతలో అలాగేనని. నిర్వచనాలు రెండు వేల సులువైన మాటల పరిధిలో రాస్తారు కాబట్టి ఒక అర్థం కోసం వెళ్ళి మరో నాలుగు మాటలకు డిక్షనరీ తిప్పే బాధ లేదు. 'రన్' లాంటి చాంతాడు పద్దులో ప్రతి అర్థానికీ ముందు ఒక చిన్న శీర్షిక ఉంటుంది: వ్యాపారం, యంత్రం, నీళ్ళు, బస్సు, ఎన్నికలు ఇలా. కళ్ళు ఆ శీర్షికల మీద పరిగెత్తిస్తే కావలసిన చోట ఆగొచ్చు. ఈ ఒక్క విషయంలో లాంగ్‌మన్‌ను మించినది లేదని మా అభిప్రాయం.

కేంబ్రిడ్జ్‌లో ఏ1 (మొదటి మెట్టు) నుంచి సీ2 (పై మెట్టు) దాకా స్థాయి గుర్తులుంటాయి, ఐఈఎల్‌టీఎస్‌కు చదివేవాళ్ళకు పనికొస్తాయి. బ్రిటిష్, అమెరికన్ ఉచ్చారణ రెండూ వినిపిస్తుంది. లోపమల్లా పేజీ పొడుగు. బ్రిటిష్ పద్దు అయ్యాక దానికింద అమెరికన్ డిక్షనరీ, ఇంకా కింద బిజినెస్ ఇంగ్లిష్ విభాగం వస్తాయి. డిపాజిటర్లు ఎగబడి డబ్బు తీసేసుకునే 'బ్యాంక్ రన్' లాంటి ఆర్థిక అర్థాల కోసం ఆ అడుగు దాకా జారాలి. ఫోన్‌లో చూసేవాళ్ళు మధ్యలో ప్రకటనలు చూసి పేజీ అయిపోయిందనుకుంటారు. అవలేదు, ఇంకా జరపండి.

'రన్ అప్' దగ్గర అసలు పరీక్ష

ఒంటరి మాట కంటే దాని పక్కన చేరే తోక ముఖ్యం. 'రన్ అప్' తీసుకుందాం. బౌలర్ పరుగున వచ్చేది రన్-అప్. ఎన్నికల ముందు రోజుల్నీ రన్-అప్ అంటారు. జెండా ఎగరేయడం, క్రెడిట్ కార్డు మీద బాకీ పెంచుకుంటూ పోవడం, గబగబా ఒక గౌను కుట్టేయడం, ఇవన్నీ 'రన్ అప్' అనే క్రియే. 'రన్ అప్ అగైనెస్ట్' అంటే అడ్డంకి తగలడం. ఇదంతా శిష్టమైన ఇంగ్లిష్.

ఇక అమెరికన్ యాసకు వద్దాం. 'రన్ ఇట్ అప్' అంటే డబ్బు పోగెయ్యడం, దండిగా సంపాదించడం. 'రన్ అప్ ఎ బిల్'లో పెరిగేది అప్పు, 'రన్ ఇట్ అప్'లో పెరిగేది ఆస్తి. 'రన్ అప్ ఆన్ సమ్‌వన్' అంటే ఒకడి మీదికి కొట్లాటకు పోవడం. క్రికెట్ పరిజ్ఞానంతో దీన్ని అర్థం చేసుకోబోతే మొహం పగులుతుంది.

ఈ గుంపును ఏ డిక్షనరీ ఎలా పట్టింది? కేంబ్రిడ్జ్‌లో 'రన్' పేజీలో వెతుక్కోకుండా నేరుగా 'రన్ అప్' అని కొట్టాలి. ఇలాంటి జంట క్రియలకు (ఫ్రేజల్ వెర్బ్స్), నుడికారాలకు అక్కడ విడి పేజీలుంటాయి. శీర్షికలో 'రన్ సమ్‌థింగ్ అప్' అని కర్మను మధ్యలో పెట్టి చూపుతారు. ఇది అలంకారం కాదు, వ్యాకరణం. నామవాచకమైతే చివరికైనా రావచ్చు, 'రన్ అప్ ఎ బిల్'. 'ఇట్' లాంటి సర్వనామమైతే తప్పనిసరిగా మధ్యలోకి రావాలి, 'రన్ ఇట్ అప్'. 'రన్ అప్ ఇట్' అంటే మెట్లో కొండో ఎక్కుతూ పరుగెత్తడం అయిపోతుంది. మనవాళ్ళు ఎక్కువగా తప్పేది ఇక్కడే. లాంగ్‌మన్‌లో జంట క్రియలన్నీ ప్రధాన పద్దు అడుగున వరసగా ఉంటాయి. ఒకేచోట చదవడానికి బాగుంటాయి, వెతకడానికి కాదు.

అప్పు, కుట్టుపని, జెండా లాంటి శిష్టార్థాల దాకా ఈ రెండూ సరిపోతాయి. డబ్బు పోగెయ్యడం, మీదికి పోవడం కావాలంటే గ్రీన్స్‌కో అర్బన్‌కో వెళ్ళక తప్పదు.

యాస దొరికే రెండు చోట్లు

గ్రీన్స్ డిక్షనరీ ఆఫ్ స్లాంగ్ జోనథన్ గ్రీన్ అనే బ్రిటిష్ నిఘంటుకారుడి ఒంటిచేతి పని అన్నా తప్పులేదు. 2010లో మూడు లావాటి సంపుటాలుగా అచ్చయింది, 2016లో ఆన్‌లైన్‌కు వచ్చింది. ఇప్పుడు ఉచితంగా చూడొచ్చు. దీని బలం ఉదాహరణలు. ప్రతి అర్థానికీ అది ఏ ఏట ఏ పుస్తకంలో, ఏ పత్రికలో కనబడిందో తేదీలవారీగా పేర్చి ఉంటుంది. ఒక మాట నిన్నటిదా, మన తాతలనాటిదా అనే వాదం అక్కడితో సరి.

మొదటిసారి తెరిచినవాళ్ళకు కంగారు పుడుతుంది. నామవాచకానికి ఒక పద్దు, క్రియకు ఒక పద్దు, అంకెలతో. నిర్వచనాలు కుదించి రాసినవి, సంక్షిప్తాలు ఎక్కువ. ఎస్ఈ అంటే స్టాండర్డ్ ఇంగ్లిష్. 'అండ్' అని చుక్క ఉంటే అది దొంగల ప్రపంచపు మాటని, అండర్‌వరల్డ్‌కు కురచ. 'యూఎస్ బ్లాక్' అని ఉంటే నల్లజాతి అమెరికన్ల వాడుకలో పుట్టినదని. ఈ చివరి గుర్తును తేలిగ్గా తీసుకోకండి. 'రన్ మీ మై మనీ' అంటే 'నా డబ్బు తీసి ఇవ్వు' అని గదమాయింపు, వెనక ఉన్నది దోపిడీవాడి 'తియ్, ఇచ్చెయ్' అన్న ధ్వని. స్నేహితుల మధ్య సరదాకి చెల్లుతుంది. రీఇంబర్స్‌మెంట్ రాలేదని ఆఫీసు అకౌంట్స్‌వాళ్ళకు అలా రాస్తే మర్యాద పోతుంది. నిఘంటువు గుర్తు ఆ హెచ్చరికే చేస్తోంది, నిర్వచనం చెయ్యదు.

గ్రీన్స్ బలహీనత తాజాదనం. అచ్చు సాక్ష్యం కావాలనే పట్టుదల ఉన్నచోట నిరుటి ఇంటర్నెట్ మాట ఆలస్యంగానే చేరుతుంది. ఇంకోటి, బూతులకు ముసుగు వేయరు. పిల్లలకు చూపేముందు ఆలోచించుకోండి.

అర్బన్ డిక్షనరీ దీనికి పూర్తిగా తలకిందులు. 1999లో ఆరన్ పెక్కమ్ అనే విద్యార్థి మొదలుపెట్టాడు. ఎవరైనా నిర్వచనం రాయొచ్చు, చూసినవాళ్ళు బొటనవేలు పైకో కిందకో ఓటేస్తారు. అమెరికా కోర్టులు సైతం యాస అర్థాల కోసం దీన్ని ఉటంకించిన సందర్భాలున్నాయి. అంతమాత్రాన నమ్మకస్తురాలని కాదు. ఓట్లు పడేది నిజం చెప్పినందుకు కాదు, నవ్వించినందుకు. 'రన్' అని ఒంటరిగా కొడితే వచ్చేవాటిలో జోకులు, వెకిలి రాతలు ఎక్కువ. అందుకని మాట కాదు, మొత్తం పదబంధం కొట్టాలి: 'రన్ ఇట్ బ్యాక్', 'రన్ ఇట్ అప్'. పైనున్న ఒక్కటీ చదివి ఆగకుండా కిందికి వెళ్ళాలి. వేర్వేరు ఏళ్ళలో వేర్వేరు మనుషులు రాసిన మూడు నాలుగు నిర్వచనాలు ఒకే మాట చెబితే, ఉదాహరణ వాక్యం ఎవరైనా నిజంగా మాట్లాడేలా ఉంటే, అప్పుడు నమ్మొచ్చు. తేదీ నిర్వచనం అడుగునే ఉంటుంది. ఒక్కడే రాసి, ఉదాహరణలో తన స్నేహితుడి పేరు ఇరికించాడంటే అది వాళ్ళ హాస్టల్ మాట, దేశం మాట కాదు.

ఈ పద్ధతిలో 'రన్ ఇట్ బ్యాక్' అంటే 'ఇంకో ఆట వేద్దాం, మళ్ళీ మొదటినుంచి' అనీ, ఒట్టి 'రన్ ఇట్' అంటే 'కానియ్' అనీ తేలుతుంది. వీడియో గేములు ఆడే పిల్లలున్న ఇంట్లో ఇవి రోజూ వినబడేవే.

దేశం మారితే మాట మారే చోట్లు

యాస అంటే అమెరికాదే అనుకోవద్దు. బ్రిటన్‌లో చదువుకుంటూ రెస్టారెంట్లో పార్ట్‌టైమ్ చేసేవాళ్ళు తెలుసుకోవలసిన మాట 'డూ ఎ రన్నర్', తిని బిల్లు కట్టకుండా ఉడాయించడం, లేదా ఏ గొడవ నుంచైనా పారిపోవడం. అదే రెస్టారెంట్లో వంటగది నుంచి బల్లలకు ప్లేట్లు మోసే ఉద్యోగి పేరూ రన్నరే. 'సెవెన్ హ్యాజ్ డన్ ఎ రన్నర్' అన్నప్పుడు ఏడో బల్లవాళ్ళు చెక్కేశారని, రన్నర్‌ను పంపమని కాదు. కేంబ్రిడ్జ్‌లో ఇది బ్రిటిష్ ఇన్‌ఫార్మల్ అనే గుర్తుతో దొరుకుతుంది. బ్రిటిష్ మాటలకు దీన్నే ముందు చూడటం మేలు.

అమెరికన్ వాడుకకు మెరియమ్-వెబ్‌స్టర్. ఇల్లు రిపేరుకొచ్చిన మనిషి 'దట్ విల్ రన్ యూ అబౌట్ ఎయిట్ హండ్రెడ్' అంటే ఎనిమిది వందల డాలర్లవుతుందని ధర చెబుతున్నాడు. మేజోడు పోగు జారి గీతలా చీలితే అమెరికన్లకు అది 'రన్', బ్రిటిషర్లకు 'ల్యాడర్'. ఎన్నికల్లో అమెరికన్ 'రన్' చేస్తాడు, బ్రిటిషర్ 'స్టాండ్' అవుతాడు, మన పత్రికలు 'కంటెస్ట్' అంటాయి. మనం సిగ్నల్ 'జంప్' అంటాం. అమెరికా పోలీసు నోట 'రన్ ఎ రెడ్ లైట్' వస్తుంది. అక్కడ 'జంప్' అంటే పచ్చదీపం పడకముందే కదలడమని అర్థం చేసుకునేవాళ్ళూ ఉన్నారు, చలాను గురించి మాట్లాడేటప్పుడు చిన్న తేడా కాదది.

మెరియమ్-వెబ్‌స్టర్‌లో ఒక్కో అర్థం కింద ఏ, బీ అని ఉపార్థాలు, వాటికింద మళ్ళీ అంకెలు ఉంటాయి. 'రన్' లాంటి పద్దులో ఆ మెట్లు దిగడం చికాకే. పేజీలో వెతుకు అనే బ్రౌజర్ సదుపాయం వాడి 'కాస్ట్', 'ఫీవర్' లాంటి మాట కొట్టండి, నేరుగా చేరతారు. ఈ కిటుకు ఏ పొడుగు పద్దుకైనా పనికొస్తుంది.

తెలుగువైపు

ఆంధ్రభారతి సైటులో నిఘంటు శోధన ఉచితం. ఒక మాట కొడితే బ్రౌన్, శంకరనారాయణ వంటి పాత నిఘంటువుల్లోని పద్దులు ఒకేచోట కనబడతాయి. 'రన్'కు పారు, కారు, ప్రవహించు లాంటి చక్కటి క్రియలు ఇక్కడ దొరుకుతాయి. అనువాదకులకు ఇది నిధి. అనువాద యంత్రానికి ఒంటరిగా 'రన్' అని ఇస్తే పరుగే రావచ్చు, దానికి సందర్భం తెలియదు కదా. పూర్తి వాక్యం ఇస్తేనే కాస్త దారిలోకొస్తుంది. యాసకైతే అప్పుడూ భరోసా లేదు.

పాత నిఘంటువుల్లో యాస ఆశించకూడదు. అవి పుట్టిన కాలానికి ఈ అర్థాల్లో చాలావరకు లేవు. మనం చేసుకోవలసిన పని ఒకటుంది, అర్థం ఇంగ్లిష్ డిక్షనరీలో తేల్చుకుని తెలుగు క్రియను సందర్భాన్ని బట్టి ఎంచుకోవడం. దుకాణమైతే నడుపుతాం, సినిమా ఆడుతుంది, రంగు దిగుతుంది, జ్వరం కాస్తుంది, బ్యాటరీ అయిపోతుంది, నోరు పారేసుకుంటాడు. ఇవన్నీ ఇంగ్లిష్‌లో 'రన్'తో చెప్పేవే. వీటిలో ఒక్కచోటా పరుగు లేదు.

డబ్బు పెట్టాలా?

ఆక్స్‌ఫర్డ్ పెద్ద డిక్షనరీ ఒక్కటే చందా అడుగుతుంది, లేకపోతే పైపై సమాచారంతో సరిపెట్టుకోవాలి. బ్రిటన్‌లో ఉన్నవాళ్ళు జేబులోంచి తియ్యనక్కర్లేదు. చాలా పబ్లిక్ లైబ్రరీల కార్డు నంబరుతో ఇంటినుంచే లాగిన్ కావొచ్చు. ఇక్కడైతే మీ యూనివర్సిటీ లైబ్రరీ చందా కట్టిందేమో కనుక్కోండి. మాట చరిత్ర మీద పని చేసేవాళ్ళకు, పాత సాహిత్యం చదివేవాళ్ళకు తప్ప మిగతావారికి ఈ ఖర్చు దండగ. 645 అర్థాల్లో రోజువారీ పనికి వచ్చేవి లాంగ్‌మన్ ఉచితంగానే ఇస్తోంది. బ్రౌజర్లో లాంగ్‌మన్, కేంబ్రిడ్జ్, గ్రీన్స్ మూడూ బుక్‌మార్క్ చేసుకోండి. అమెరికాలో ఉంటే మెరియమ్-వెబ్‌స్టర్ కలపండి. అర్బన్ డిక్షనరీ బుక్‌మార్క్ అక్కర్లేదు, ఏ వింత మాట గూగుల్‌లో కొట్టినా అదే ఎదురొస్తుంది.